క్యాసంబళ్ళి చెంగలరాయరెడ్డి: అర్జీ సభ నుండి ముఖ్యమంత్రి పీఠం దాకా

నేటి కర్ణాటక రాష్ట్రం 1973 వరకు మైసూరు రాష్ట్రంగా వ్యవహరింపబడేది. ఆ రాష్ట్రానికి మొట్టమొదటి ముఖ్యమంత్రి కె.సి. రెడ్డి. ఆయన పూర్తి పేరు క్యాసంబళ్ళి చెంగలరాయరెడ్డి. 1902 మే 4న కోలారు జిల్లాలోని క్యాసంబళ్ళిలో జన్మించారు. 1947 అక్టోబరు 25 నుండి 1952 మార్చి 30 వరకు ముఖ్యమంత్రిగా, తరువాత పదేళ్ళకు పైగా కేంద్రమంత్రిగా, 1965 నుండి 1971 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. 1976 ఫిబ్రవరి 27న కన్నుమూశారు. ఆయన జీవితమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. ప్రభుత్వం ఎవరికి జవాబు చెప్పాలి అన్నదే ఆ ప్రశ్న.

పేరులోనే ఊరు

ఆంధ్ర ప్రాంతంలో పేరుకు ముందు వచ్చే పొడి అక్షరం ఇంటిపేరును సూచిస్తుంది. పాత మైసూరు సీమలో అది చాలావరకు ఊరిపేరు. కె.సి. రెడ్డి అన్నప్పుడు 'కె' అంటే క్యాసంబళ్ళి, 'సి' అంటే చెంగలరాయ. చెంగల్వరాయుడు అన్నది తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి పేరు. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు, కోలారు సీమల్లో ఆ పేరు పెట్టుకున్న కుటుంబాలు నేటికీ ఎన్నో ఉన్నాయి. ఆయన బెంగళూరు, ఢిల్లీ, భోపాల్ నగరాల్లో ఏ పదవిలో ఉన్నా సంతకంలోని మొదటి అక్షరం మాత్రం ఈ సరిహద్దు గ్రామానిదే.

క్యాసంబళ్ళి ఈనాడు కె.జి.ఎఫ్. తాలూకాలో హోబళి కేంద్రం. ఈ తాలూకా ఏర్పడక ముందు బంగారుపేట తాలూకాలో ఉండేది. రెడ్డి పుట్టిననాటికి బంగారుపేటను బౌరింగుపేట అనేవారు. తూర్పున కొద్ది దూరం పోతే కుప్పం, రామకుప్పం వైపు ఆంధ్ర గ్రామాలు వస్తాయి. ఇంట్లో తెలుగు, బడిలోనూ కచేరిలోనూ కన్నడం, బంగారు గనుల్లో తమిళం వినిపించే ప్రాంతమిది. 1956లో భాషల ప్రాతిపదికన రాష్ట్రాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు, తెలుగు మాట్లాడేవారు పెద్ద సంఖ్యలో ఉన్నప్పటికీ, కోలారు జిల్లా మైసూరు రాష్ట్రంలోనే కొనసాగింది.

1902 నాటి మైసూరు సంస్థానం

రెడ్డి పుట్టిన సంవత్సరం మైసూరు చరిత్రలో రెండు విధాలుగా గుర్తుంచుకోదగినది. ఆ ఏడాది ఆగస్టులో నాల్వడి కృష్ణరాజ ఒడెయరు పూర్తి అధికారాలతో పాలన చేపట్టారు. అంతకు కొద్దివారాల ముందు, జూన్ 30న, కావేరి నదిపై శివనసముద్రం వద్ద ఉత్పత్తి అయిన విద్యుత్తు దాదాపు 147 కిలోమీటర్ల దూరం తీగలపై ప్రయాణించి కోలారు బంగారు గనులకు చేరింది. అప్పటికి బెంగళూరు వీధులకు సైతం విద్యుద్దీపాలు లేవు. గనుల యంత్రాలకు విద్యుత్తు, బేతమంగళం చెరువు నుండి నీరు అందుతుండగా, చుట్టుపక్కల పల్లెలు మాత్రం వానను, చెరువును నమ్ముకొని రాగి పండించుకొనేవి.

మైసూరు సంస్థానానికి ఆనాడు మంచి పేరే ఉండేది. పాఠశాలలు, ఆసుపత్రులు, కర్మాగారాలు, జలాశయాలు నిర్మించిన పాలన అది. అయితే సంస్థానాన్ని నడిపేది దివాను. దివానును నియమించేది మహారాజు. ఆ నియామకానికి బ్రిటిషు ప్రభుత్వ ఆమోదం ఉండాలి. ఈ గొలుసులో రైతుకు చోటు లేదు. మంచి పాలన వేరు, ప్రజలకు జవాబు చెప్పే పాలన వేరు అన్న తేడాను పట్టుకొని రాజకీయాల్లోకి వచ్చిన తరానికి చెందినవారు కె.సి. రెడ్డి.

అర్జీలు పెట్టుకొనే సభ

యాభై ఏళ్ళ బ్రిటిషు కమిషనర్ల పాలన తరువాత 1881లో మైసూరు తిరిగి ఒడెయరు వంశానికి దక్కింది. అదే ఏడాది దివాను రంగాచార్లు ప్రజాప్రతినిధి సభను స్థాపించారు. భారతదేశపు సంస్థానాలలో ఇటువంటి సభ ఇదే మొదటిది. అక్టోబరులో దసరా ఉత్సవాల వేళ 144 మంది సభ్యులతో మైసూరులో తొలిసారి సమావేశమైంది. తాలూకాల నుండి భూమి ఉన్న రైతులు, జిల్లాల నుండి పేరున్న వర్తకులు వచ్చి కూర్చున్నారు.

చిన్న వ్యాపారం చేసుకొనే మనిషి రాజకీయాల్లోకి రావడం ఈనాడు సరిహద్దు తాలూకాల్లో మామూలు విషయం. దుకాణం, పాడి, గుత్త పనులు, రవాణా వంటి వ్యాపారాల నుండి ఎందరో పంచాయతీకి, అక్కడి నుండి శాసనసభకు వెళ్ళారు. దీనికి బీజం మైసూరులో 1881లోనే పడింది. అయితే ఆనాటి వర్తకుడు సభకు వెళ్ళి చేయగలిగింది చాలా తక్కువ. దివాను చదివే నివేదికను వినవచ్చు. తమ తాలూకాలోని చెరువు గండి గురించి, పన్ను భారం గురించి విన్నవించవచ్చు. చట్టం చేయలేడు, దివానును దించలేడు. సభ్యులను ఎన్నుకొనే పద్ధతి 1891లో వచ్చినా, ఓటు ఆస్తి ఉన్న కొద్దిమందికే పరిమితం. 1907లో శాసన మండలి ఏర్పడింది. 1923లో ప్రతినిధి సభకు చట్టబద్ధత లభించి, కొత్త పన్నుల విషయంలో సభను సంప్రదించాలన్న నియమం వచ్చింది. ఇన్ని మార్పుల తరువాత కూడా మంత్రులు సభకు జవాబుదారులు కారు.

కన్నడంలో ఆ రోజుల ఉద్యమ నినాదం 'జవాబ్దారి సర్కార'. తెలుగు పత్రికలు దానినే బాధ్యతాయుత ప్రభుత్వం అని రాశాయి. రెండింటిలో కన్నడ మాటే మన పల్లెవారికి సులభంగా అర్థమవుతుంది. సభకు జవాబు చెప్పవలసిన సర్కారు, సభ విశ్వాసం పోతే దిగిపోవలసిన సర్కారు అని దాని భావం.

ప్రజాపక్షం

మైసూరులో మొదటి రాజకీయ పక్షం ప్రజామిత్ర మండలి. 1917లో ఏర్పడిన ఈ సంస్థ వెనుక ఒక తెలుగువాని ప్రోత్సాహం ఉంది. ఆయన చిత్తూరు సమీపంలోని కట్టమంచిలో జన్మించి, ఆనాడు మైసూరులో విద్యాశాఖలో పనిచేస్తున్న కట్టమంచి రామలింగారెడ్డి. సి.ఆర్. రెడ్డిగా ప్రసిద్ధుడైన ఈయనను, కె.సి. రెడ్డిని చాలామంది ఒకరిగానే పొరబడుతుంటారు. ఇద్దరూ వేరు. సి.ఆర్. రెడ్డి తరువాతి కాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు.

ప్రజామిత్ర మండలి వెనుకబడిన వర్గాలకు విద్యలోనూ ఉద్యోగాలలోనూ న్యాయమైన వాటా కోరింది. దాని ఒత్తిడి వల్ల 1918లో లెస్లీ మిల్లరు అధ్యక్షతన సంఘం ఏర్పడింది. ఆ సంఘం సిఫారసులపై ప్రభుత్వం వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాల్లో ప్రాధాన్యమిచ్చింది. ఇది పెద్ద విజయమే. అయినా మండలి పునాది పట్టణాల్లోని చదువుకున్నవారిలోనే ఉండేది. పల్లెల్లో రైతు దగ్గరకు వెళ్ళే పక్షం అప్పటికి లేదు.

ఆ లోటును పూరించే ప్రయత్నం 1930లో జరిగింది. న్యాయశాస్త్రంలో పట్టా పొందిన కె.సి. రెడ్డి మరికొందరు మిత్రులతో కలిసి ప్రజాపక్షాన్ని స్థాపించారు. భూమి శిస్తు, పంట ధర, అప్పుల భారం వంటి రైతు సమస్యలను చేపట్టి, వాటి పరిష్కారానికి బాధ్యతాయుత ప్రభుత్వమే మార్గమని ఆ పక్షం చెప్పింది. కాలం కూడా అందుకు తగినట్టే ఉంది. ప్రపంచవ్యాప్త ఆర్థిక మాంద్యంతో పంట ధరలు పడిపోయిన రోజులవి. అదే ఏడాది ఏప్రిల్‌లో కోలారు బంగారు గనుల కార్మికులు వేలిముద్రల నమోదుకు వ్యతిరేకంగా సమ్మె చేశారు. రైతు, కార్మికుడు ఇద్దరూ తమ మాట వినే ప్రభుత్వం కావాలని కోరుకొంటున్న కాలంలో ప్రజాపక్షం పుట్టింది.

రెండు విలీనాలు

కె.సి. రెడ్డి రాజకీయ జీవితంలో రెండు విలీనాలు కీలకమైనవి. 1934లో ప్రజాపక్షం, ప్రజామిత్ర మండలి కలిసి ప్రజాసంయుక్త పక్షంగా ఏర్పడ్డాయి. 1935 నుండి 1937 వరకు దానికి రెడ్డి అధ్యక్షులు. పల్లె బలం ఉన్న పక్షం, పట్టణ బలం ఉన్న పక్షం ఒక్కటయ్యాయి. 1937లో ఈ సంయుక్త పక్షం మైసూరు కాంగ్రెస్‌లో కలిసిపోయింది.

రెండవ విలీనం తేలికైనది కాదు. అప్పటివరకు మైసూరులో కాంగ్రెస్ అంటే పట్టణాల్లోని విద్యావంతుల పక్షమన్న అభిప్రాయం ఉండేది. సంయుక్త పక్షం బ్రాహ్మణేతర వర్గాల వేదిక. ఇరువర్గాల మధ్య ఏళ్ళ తరబడి అనుమానాలు ఉన్నాయి. తాను అధ్యక్షుడుగా ఉన్న పక్షాన్ని రద్దు చేసుకొని పెద్ద సంస్థలో కలపడానికి రెడ్డి ముందుకు వచ్చారు. దాని ఫలితం రెండు వైపులా కనిపించింది. కాంగ్రెస్‌కు పల్లెలు దొరికాయి. పల్లెలకు దేశవ్యాప్త ఉద్యమం దొరికింది. 1937-38లో, మరల 1946-47లో మైసూరు కాంగ్రెస్ అధ్యక్ష పదవి రెడ్డికి దక్కింది.

విలీనమైతే జరిగింది గాని అఖిల భారత కాంగ్రెస్ నుండి నేరుగా సహాయం రాలేదు. సంస్థానాలలోని పోరాటాలను అక్కడి ప్రజలే నడుపుకోవాలని 1938 ఫిబ్రవరిలో హరిపుర కాంగ్రెస్ మహాసభ తీర్మానించింది. అంటే మైసూరువారు తమ బలంతోనే నిలబడాలి.

శివపురం, విదురాశ్వత్థం

ఆ బలానికి పరీక్ష రెండు నెలల్లోనే వచ్చింది. 1938 ఏప్రిల్ రెండవ వారంలో మండ్య జిల్లా మద్దూరు దగ్గర శివపురంలో మైసూరు కాంగ్రెస్ మహాసభ జరిగింది. జాతీయ జెండా ఎగురవేయరాదన్న నిషేధాన్ని ధిక్కరించి టి. సిద్ధలింగయ్య జెండా ఎగురవేసి అరెస్టయ్యారు. దీనినే శివపుర ధ్వజ సత్యాగ్రహమంటారు.

ఆ నిప్పు కొద్దిరోజుల్లోనే ఆంధ్ర సరిహద్దుకు పాకింది. ఏప్రిల్ 25న, అప్పట్లో కోలారు జిల్లాలో ఉన్న గౌరిబిదనూరు తాలూకా విదురాశ్వత్థంలో జెండా సత్యాగ్రహం కోసం జనం గుమిగూడారు. అది హిందూపురానికి దగ్గరగా, ఉత్తర పినాకిని ఒడ్డున, రావిచెట్టుకు ప్రసిద్ధి చెందిన పుణ్యక్షేత్రం. పోలీసులు కాల్పులు జరిపారు. మృతుల సంఖ్య పదికి అటు ఇటుగా అధికారులు లెక్క చెప్పగా, ప్రజల లెక్క ముప్పైకి పైబడింది. దక్షిణాది జలియన్‌వాలా బాగ్ అని ఆ స్థలానికి పేరు వచ్చింది. 2007లో కోలారు జిల్లాను విభజించినప్పుడు గౌరిబిదనూరు చిక్కబళ్ళాపురం జిల్లాలోకి వెళ్ళింది.

కాల్పుల వార్త దేశమంతా పాకడంతో సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్, ఆచార్య కృపలానీ మైసూరుకు వచ్చారు. దివాను సర్ మీర్జా ఇస్మాయిల్‌తో చర్చలు జరిపి మే నెలలో ఒక ఒప్పందానికి వచ్చారు. దాని ప్రకారం మైసూరు కాంగ్రెస్‌కు గుర్తింపు లభించింది. సంస్థానపు జెండాతో పాటు జాతీయ జెండాను కూడా ఎగురవేయవచ్చునని అంగీకారం కుదిరింది. జెండా సాధించారు గాని జవాబుదారీ ప్రభుత్వం రావడానికి మరి తొమ్మిదేళ్ళు పట్టింది.

మైసూరు చలో

1947 ఆగస్టు 15న దేశం స్వతంత్రమైంది. మహారాజు జయచామరాజ ఒడెయరు అంతకు ఆరురోజుల ముందే, ఆగస్టు 9న, భారత యూనియన్‌లో చేరే పత్రంపై సంతకం చేశారు. కనుక హైదరాబాదు వలె మైసూరు దేశంలో చేరుతుందా లేదా అన్న సమస్య లేదు. లోపలి సమస్య మాత్రం అలాగే ఉంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా మైసూరువారిని పాలించేది మహారాజు నియమించిన దివానే. అప్పటి దివాను ఆర్కాటు రామస్వామి మొదలియారు.

మైసూరు కాంగ్రెస్ సెప్టెంబరు మొదటి వారంలో 'మైసూరు చలో' ఉద్యమాన్ని ప్రారంభించింది. అధ్యక్షుడుగా దానికి నాయకత్వం వహించింది కె.సి. రెడ్డి. ఆయనతో సహా ముఖ్యనాయకులను ప్రభుత్వం అరెస్టు చేసింది. నాయకులు జైలులో ఉన్నా ఉద్యమం ఆగలేదు. విద్యార్థులు పాఠశాలలు విడిచారు, కార్మికులు పని మానారు, పల్లెల్లో ప్రభుత్వ కచేరీల ముందు జెండాలు లేచాయి. మైసూరు నగరంలో రామస్వామి అనే విద్యార్థి కాల్పులకు బలయ్యాడు. ఆ కూడలిని నేటికీ రామస్వామి సర్కిల్ అంటారు.

నలభై రోజుల పోరాటం తరువాత అక్టోబరులో మహారాజు ప్రభుత్వం దిగివచ్చింది. అక్టోబరు 25న కె.సి. రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. కె.టి. భాష్యం, హెచ్.సి. దాసప్ప మంత్రివర్గ సహచరులలో ఉన్నారు. 1881లో అర్జీతో మొదలైన ప్రయాణం అరవై ఆరేళ్ళకు అధికారానికి చేరింది. సరిహద్దు పల్లెల్లో పుట్టిన మనిషికి ఆ పదవి దక్కడం విశేషం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడడానికి ఆరేళ్ళ ముందే, పొరుగున ఉన్న మైసూరు ప్రభుత్వానికి క్యాసంబళ్ళివాడు అధిపతి అయ్యారు.

ముఖ్యమంత్రిగా నాలుగున్నర ఏళ్ళు

తొలి మంత్రివర్గానికి పని రెండింతలు. ఒకవైపు రోజువారీ పాలన. మరొకవైపు సంస్థానాన్ని రాష్ట్రంగా మార్చే పని. దివాను పదవి 1949 వరకు కొనసాగింది గనుక, పాత అధికారం, కొత్త అధికారం కొంతకాలం పక్కపక్కనే నడిచాయి. అదే సమయంలో రెడ్డి భారత రాజ్యాంగ సభలో మైసూరు ప్రతినిధిగా ఉన్నారు. మైసూరు తరఫున ఏడుగురు సభ్యులుండగా, వారిలో కోలారు జిల్లాకు చెందిన టి. చెన్నయ్య కూడా ఒకరు. తరువాత ముఖ్యమంత్రి అయిన కెంగల్ హనుమంతయ్య సైతం ఆ ఏడుగురిలో ఉన్నారు.

మైసూరుకు ప్రత్యేక రాజ్యాంగం అవసరమా అన్న చర్చ కొంతకాలం సాగింది. చివరకు భారత రాజ్యాంగాన్నే స్వీకరిస్తూ 1949 నవంబరు 25న మహారాజు ప్రకటన చేశారు. 1950 జనవరి 26న ఆయన రాజప్రముఖ్ అయ్యారు. రాజు గౌరవ స్థానంలో నిలిచి, అధికారం ఎన్నికైనవారి చేతికి వచ్చింది. ఈ మార్పు రక్తపాతం లేకుండా, కోర్టు వివాదాలు లేకుండా జరిగింది. ఉద్యమంలో తమను జైలుకు పంపిన అధికారయంత్రాంగంతోనే రెడ్డి ప్రభుత్వం కలిసి పనిచేసింది.

బెంగళూరులోని విధానసౌధను చూసినవారందరూ కెంగల్ హనుమంతయ్యను తలుచుకొంటారు. ఆ భవ్యమైన రూపం ఆయన సంకల్పమే. కాని దాని శంకుస్థాపన 1951 జూలై 13న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా జరిగిననాటికి ముఖ్యమంత్రి కె.సి. రెడ్డి. శాసనసభకు స్వంత భవనం కావాలన్న నిర్ణయం ఆ ప్రభుత్వానిది. హనుమంతయ్య వచ్చాక నమూనాను విస్తరించి, 1956లో పూర్తి చేయించారు.

1952లో వయోజన ఓటుతో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. మైసూరు శాసనసభలోని 99 స్థానాలలో కాంగ్రెస్ 74 గెలుచుకొంది. కాని అప్పటికే పార్టీలో హనుమంతయ్య వర్గం బలపడింది. మార్చి 30న ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. పోరాటానికి నాయకత్వం వహించిన రెడ్డికి ప్రజలందరూ ఓటు వేసిన తొలి ఎన్నికల తరువాత ఆ పీఠం దక్కలేదు. ఆయన మరల రాష్ట్ర రాజకీయాల పీఠానికి రాలేదు. తెలుగు పల్లెల్లోనూ, కన్నడ పల్లెల్లోనూ ఆయన పేరు మరుగున పడడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఢిల్లీలో

1952లోనే రెడ్డి రాజ్యసభకు ఎన్నికై నెహ్రూ మంత్రివర్గంలో ఉత్పత్తి శాఖ మంత్రి అయ్యారు. ప్రభుత్వ రంగంలో కర్మాగారాలు ఒక్కొక్కటిగా తలెత్తుతున్న కాలమది. అప్పటి బీహారులోని సింధ్రీ ఎరువుల కర్మాగారం వంటివి ఆ శాఖ పరిధిలోకి వచ్చేవి. బెంగళూరు జలహళ్ళిలో 1953లో హిందూస్థాన్ మెషీన్ టూల్స్ సంస్థ ఏర్పడింది. కోలారు జిల్లా పల్లెల నుండి ఎందరో యువకులు తరువాతి దశాబ్దాలలో బెంగళూరులోని ఇటువంటి కర్మాగారాలకు పనికి వెళ్ళారు.

1957లో కోలారు నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1957 నుండి 1961 వరకు పనులు, గృహనిర్మాణం, సరఫరా శాఖను, 1961 నుండి 1963 వరకు వాణిజ్య పరిశ్రమల శాఖను నిర్వహించారు. పెద్ద కర్మాగారంతో పాటు చేనేత, చిన్న పరిశ్రమలు కూడా ఆ శాఖ కిందికి వచ్చేవి. స్వయంగా వ్యాపారి కాని మనిషి దేశమంతటి వ్యాపారుల వ్యవహారాలు చూసే మంత్రి కావడం ఆయన జీవితంలోని మరొక మలుపు.

ఇదే కాలంలో ఆయన స్వంత తాలూకాలోని బంగారు గనులు చేతులు మారాయి. 1956 చివరిలో మైసూరు ప్రభుత్వం వాటిని జాతీయం చేసింది. 1962 డిసెంబరులో అవి కేంద్ర ప్రభుత్వం చేతికి వెళ్ళాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థగా మారి, 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి. 1902లోనే విద్యుత్తు వెలిగిన ఆ నేల నుండి ఈనాడు వేలాదిమంది రోజూ తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి పోతున్నారు.

భోపాల్‌లో కఠిన పరీక్ష

1965 ఫిబ్రవరిలో రెడ్డి మధ్యప్రదేశ్ గవర్నరుగా నియమితులయ్యారు. 1966 ఫిబ్రవరిలో కొద్దిరోజుల విరామం మినహా 1971 మార్చి వరకు ఆ పదవిలో ఉన్నారు. జీవితంలో అత్యంత కఠినమైన పరీక్ష ఆయనకు అక్కడే ఎదురైంది.

1967 ఎన్నికలలో మధ్యప్రదేశ్‌లో కాంగ్రెస్ గెలిచి, ద్వారకాప్రసాద్ మిశ్రా ముఖ్యమంత్రిగా కొనసాగారు. జూలైలో బడ్జెట్ సమావేశాలు జరుగుతుండగా 36 మంది కాంగ్రెస్ శాసనసభ్యులు పార్టీని విడిచి ప్రతిపక్షంతో కలిశారు. వారి వెనుక గ్వాలియరు రాజమాత విజయరాజె సింధియా ఉన్నారు. సభలో ఓటు జరిగితే మంత్రివర్గం పడిపోవడం ఖాయం. అప్పుడు ముఖ్యమంత్రి సలహాపై గవర్నరు రెడ్డి సభా సమావేశాలను ముగిస్తూ ఉత్తర్వు జారీ చేశారు. దీనిని ప్రొరోగ్ చేయడమంటారు. మంత్రివర్గానికి కొన్నిరోజుల గడువు దొరికింది గాని అది నిలువలేదు. మిశ్రా రాజీనామా చేయగా, జూలై 30న గోవింద్ నారాయణ్ సింగ్ ముఖ్యమంత్రి అయ్యారు.

ఆ ఉత్తర్వుపై దేశమంతటా విమర్శలు వచ్చాయి. సభ విశ్వాసం కోల్పోయిన మంత్రివర్గాన్ని కాపాడడానికి సభనే మూసివేశారని ప్రతిపక్షాలు దుయ్యబట్టాయి. మరొక వాదన కూడా ఉంది. రాజ్యాంగం ప్రకారం గవర్నరు మంత్రివర్గ సలహాపై నడుచుకోవాలి. ముఖ్యమంత్రి ఓడిపోయాడని సభలో తేలనంతవరకు ఆయన సలహాను కాదనే అధికారం గవర్నరుకు ఉన్నదా? ఎన్నికైన ముఖ్యమంత్రి మాటను పక్కనబెట్టి తానే నిర్ణయించే గవర్నరు, మహారాజు నియమించిన దివాను వంటివాడే కదా అని ఆ వాదన సారాంశం.

రెండు వాదనలకూ మూలం ఒక్కటే. మంత్రులు సభకు జవాబుదారులు కావాలని యౌవనంలో పోరాడిన మనిషి, అరవై అయిదేళ్ళ వయసులో ఆ సూత్రపు రెండు కొసలూ ఒకదానికొకటి అడ్డుపడే చోట నిలబడవలసి వచ్చింది. గవర్నరు సలహాను పాటించాలన్నదీ ఆ సూత్రమే. సభ ముందు బలం నిరూపించుకోవాలన్నదీ ఆ సూత్రమే. రెడ్డి మొదటిదాన్ని ఎంచుకొన్నారు. ఫిరాయింపుల నిరోధానికి చట్టం 1985లో వచ్చింది. మంత్రివర్గపు బలాబలాలు రాజభవనంలో కాక సభలోనే తేలాలని సుప్రీంకోర్టు 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో స్పష్టం చేసింది. ఆ కేసు కర్ణాటక ప్రభుత్వాన్ని 1989లో రద్దు చేసినందుకు పుట్టినదే. అంటే జవాబ్దారి సర్కార అన్న పాత నినాదానికి పూర్తి అర్థం అదే రాష్ట్రపు మరొక ముఖ్యమంత్రి వ్యాజ్యంలో తేలింది.

సరిహద్దు గ్రామాలకు మిగిలినది

కె.సి. రెడ్డి తన పేరిట పార్టీని మిగుల్చుకోలేదు. స్థాపించిన పక్షాన్ని పెద్ద పక్షంలో కలిపారు. ఆయన హయాములో శంకుస్థాపన జరిగిన భవనం మరొకరి పేరుతో నిలిచింది. అందువల్ల ఆయన చేసిన పనిని చూడాలంటే విగ్రహాల్లో కాక వ్యవస్థలో వెతకాలి. ఈనాడు క్యాసంబళ్ళి హోబళిలోని రైతు గాని, సంతలో కొట్టు పెట్టుకొన్న వర్తకుడు గాని శాసనసభకు పోటీ చేయవచ్చు. గెలిస్తే చట్టంపై ఓటు వేయవచ్చు. ప్రభుత్వం నచ్చకపోతే దించవచ్చు. 1881లో సభకు వెళ్ళిన వర్తకునికి ఇందులో ఏదీ లేదు. మధ్యలో జరిగిన మార్పులో పెద్ద వాటా ఈ ఊరి మనిషిది.

ఓటు అడగడానికి వచ్చే అభ్యర్థి వకీలా, వ్యాపారా, రైతా అని పల్లెల్లో ముందుగా విచారిస్తారు. అది సహజమే. గెలిచిన తరువాత ఆయన సభకు వెళ్తున్నాడా, అక్కడ మన చెరువు గురించి, మన బడి గురించి అడుగుతున్నాడా, ఎన్నుకొన్నవారికి లెక్క చెబుతున్నాడా అని కూడా విచారించవలసి ఉంది. ఆ విచారణ హక్కు కోసమే విదురాశ్వత్థంలో ప్రాణాలు పోయాయి.

ముఖ్యమైన తేదీలు

1902 మే 4: క్యాసంబళ్ళిలో జననం.
1930: ప్రజాపక్ష స్థాపన.
1934: ప్రజామిత్ర మండలితో కలిసి ప్రజాసంయుక్త పక్షం.
1937: కాంగ్రెస్‌లో విలీనం.
1937-38, 1946-47: మైసూరు కాంగ్రెస్ అధ్యక్షత.
1947 సెప్టెంబరు: మైసూరు చలో ఉద్యమం.
1947 అక్టోబరు 25: మైసూరు తొలి ముఖ్యమంత్రిగా ప్రమాణం.
1951 జూలై 13: విధానసౌధ శంకుస్థాపన.
1952 మార్చి 30: ముఖ్యమంత్రి పదవి ముగింపు.
1952-1963: కేంద్రమంత్రి.
1965-1971: మధ్యప్రదేశ్ గవర్నరు.
1976 ఫిబ్రవరి 27: మరణం.